పదో వరస

సన్యాసమ్మ ఉప్పుమడి గట్టు మీద కూలబడిపోయిన రోజు ఉదయం కూడా పెట్టె పచ్చదీపమే చూపించింది.

అది మార్చి నెల, మంగళవారం. దాలయ్య బడికి వెళ్లడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. అక్క అప్పటికే పనికి సిద్ధమై, వంటింటి గోడకు బిగించిన పెట్టె ముందు నిలబడి, నోటికి కట్టుకున్న గుడ్డను గడ్డం కిందికి లాక్కుని గొట్టంలోకి ఊదింది. పెట్టె కాసేపు గుర్రుమంది. పచ్చదీపం వెలిగింది. రెండు వేళ్ల వెడల్పు చీటీ బయటికొచ్చింది. సన్యాసమ్మకు చదువు రాదు. అయినా చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, దండెం పక్కన వేలాడే ఇనుపతీగకు గుచ్చింది. పద్నాలుగు నెలల చీటీలు ఆ తీగ మీదే ఉన్నాయి.

“ఒరే దాలీ, నీ పెట్టి నాను బాగున్నానంతంది. మరి కాళ్లెందుకురా ఇలాగ లాగేత్తన్నాయి?”

“నిన్న ఎండలో చాలాసేపు ఉప్పు పోగేసే పలక లాగావు కదప్పా. అదే అయ్యుంటుంది. ఏదైనా ఉంటే పెట్టె చెప్పేస్తుంది.”

“అంతేనంతావా?”

“అంతే.”

“నువ్వు సెప్తే సరే.”

ఆమె గుడ్డ మళ్లీ నోటికి కట్టుకుని వెళ్లిపోయింది. మూడో పీరియడులో, దాలయ్య తొమ్మిదో తరగతి వాళ్లకు లెక్క చెబుతుండగా, ఉప్పుమడుల మేస్త్రీ గవరయ్య సైకిలు మీద వచ్చి వరండాలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. పిలవలేదు. అతని ముఖం చూసి దాలయ్య సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు.

ఆస్పత్రి డాక్టరు మంచివాడు. కాగితాలన్నీ చూసి, “గుండె అని ఒక్కదాన్నీ అనలేను మాస్టారూ, కాలేయమనీ అనలేను. లోపల అన్నీ కలిసి నీరసించిపోయాయి. నూనె అయిపోయిన దీపంలాగా” అన్నాడు. ఆ పోలిక ఓదార్పుగా ఉంటుందని అతను అనుకున్నట్టున్నాడు.

తల్లీతండ్రీ పోయినప్పుడు దాలయ్యకు ఆరేళ్లు, సన్యాసమ్మకు పదహారు. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో “మా దాలిగాడు పదో తరగతి పాసవనీ” అనేది. పదయ్యాక డిగ్రీ అంది, డిగ్రీ అయ్యాక ఉద్యోగం అంది. ఆ తర్వాత అడగడానికి ఎవరూ రాలేదు. అక్కకు లేని సంసారం తనకెందుకని దాలయ్యా చేసుకోలేదు. ఉప్పలవలసలో ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవారు. ఇప్పుడు ఒకడున్నాడు.

*

పెట్టెను ఆ ఊరికి తెచ్చింది ఇందుమతి. దాలయ్య దగ్గర ఆరు నుంచి పదిదాకా చదువుకున్న పిల్ల. ఇప్పుడు విశాఖపట్నంలో పెద్ద ప్రయోగశాలలో శాస్త్రవేత్త.

అంతకుముందు ఏడాది కాలవ అవతల బ్రోమిన్ ఫ్యాక్టరీ వచ్చింది. ఉప్పు గడ్డకట్టాక మడుల్లో మిగిలే చేదునీటి నుంచి బ్రోమిన్ తీస్తారు. ఫ్యాక్టరీ గాలి ఊరి మీదికి మళ్లిన రోజున ఇత్తడి చెంబులు కూడా నల్లబడేవి. ఆరు నెలలు తిరిగేసరికి మడుల్లో పనిచేసేవాళ్లు మధ్యాహ్నానికే గట్ల మీద కూర్చుండిపోవడం మొదలైంది. అర్జీలు వెళ్లాయి. ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఉప్పలవలస జనం ఊపిరినీ, ఇరవై మైళ్ల అవతల కొండ దిగువన ఏ ఫ్యాక్టరీ లేని గుమ్మగెడ్డ జనం ఊపిరినీ పోల్చి చూడాలని ఆ సంఘం నిర్ణయించింది. పోల్చే పని ఇందుమతి ప్రయోగశాలకు అప్పగించింది.

ఆ పని మొదలైన రోజు ఆమె బడి వరండాలో చాప మీద కూర్చుని, మొదటి నమూనా పెట్టెను మాస్టారికి విప్పి చూపించింది.

“మనిషి ఊపిరిలోంచి తొమ్మిది ఆవిర్లను పట్టుకుంటుంది మాస్టారూ. ఒక్కోటి నూటికి ఎంతో చెప్తుంది. కాలేయం చెడిందనుకోండి, ఒక పాలు పెరుగుతుంది. అది పెరిగితే మిగతా ఎనిమిదీ, అవి ఏ పాపం చేయకపోయినా, తగ్గినట్టు కనిపిస్తాయి. మొత్తం నూరే కదా!”

“అదే తిరకాసు. విడివిడిగా పోల్చితే తప్పుతావు.”

“అందుకే విడిగా చూడం. ఒక్కో పాలునీ తొమ్మిదింటి గుణమధ్యమంతో భాగించి, దానికి సంవర్గమానం తీసి, అప్పుడు రెండూళ్లనీ పక్కపక్కన పెడతాం.”

“సంవర్గమానాలు నా దగ్గరే కదే నేర్చుకున్నావు?”

“నేర్చుకోవడమేంటి మాస్టారూ, బెత్తం దెబ్బలు తిన్నాను. ఇదిగో, ఈ వేలు ఇప్పటికీ వంకరే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. సన్యాసమ్మ లోటాతో మజ్జిగ పట్టుకొచ్చి, “ఇంత సదువు సదివి ఊపిర్లు లెక్కెట్టే పనేటమ్మా నీకు” అని ఇందుమతి బుగ్గ గిల్లింది.

ఊరివాళ్లు మొదట్లో పెట్టెను నమ్మలేదు. గొట్టంలోకి ఊదితే ఒంట్లో బలం పోతుందన్నవాళ్లున్నారు. దాలయ్య ఇంటింటికీ తిరిగాడు. “మా పిల్ల చేసిన పెట్టె. నేను పూచీ” అన్నాడు. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా అందరి పిల్లలకూ లెక్కలు చెప్పినవాడు. ప్రయోగానికి పిలిచిన ఎనభై మందీ ఊదారు. ప్రయోగం బాగుందని ఇంటింటి గోడకూ ఒక పెట్టె వచ్చింది. పద్నాలుగు నెలలు రోజూ పచ్చదీపాలు వెలిగాయి. సన్యాసమ్మ చనిపోవడానికి మూడు వారాల ముందు సంఘం నివేదిక వచ్చింది. రెండు ఊళ్ల ఊపిరికీ తేడా లేదు. ఫ్యాక్టరీ నడవొచ్చు.

*

పన్నెండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, దాలయ్య మొదటిసారి తనకోసం తాను పొయ్యి వెలిగించుకున్నాడు. చింతపండు పులుసు పెట్టుకుందామనుకున్నాడు. అక్క చేతి లెక్కలన్నీ చూసి చూసి తెలిసినవే. ఇద్దరికి నిమ్మకాయంత చింతపండు, చారెడు ఉల్లిపాయలు, బెల్లం ముక్క. ఇప్పుడు ఒక్కడే కాబట్టి అన్నిటినీ సగానికి సగం చేశాడు. మరిగాక గరిటెతో తీసి చేతిలో వేసుకుని నాకి చూశాడు.

అచ్చం అక్క పెట్టిన పులుసే. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. దాని బదులు ఒక ఆలోచన వచ్చింది.

కళ్లు మూసుకుని ఈ చుక్క రుచి చూసినవాడు కుండలో పులుసు నిండుగా ఉందో, అడుగున ఉందో చెప్పగలడా? చెప్పలేడు. పాళ్లు కుదిరితే నాలుకకు అంతా బాగున్నట్టే ఉంటుంది.

గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి, తీగ మీది చీటీలు దించాడు. మొదటి చీటీ, చివరి చీటీ పక్కపక్కన పరిచాడు. తొమ్మిది వరసలు, తొమ్మిది పాళ్లు. ఇరవై రెండున్నర, పద్దెనిమిది, పదకొండు... పద్నాలుగు నెలల్లో ఏ పాలూ అరపాలు కూడా కదల్లేదు. ఈ పద్నాలుగు నెలల్లో అక్క జాకెట్లను నాలుగు సార్లు కుట్టు బిగించుకుంది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. మనిషి సగమైపోతుంటే చీటీ మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడతను ట్రంకుపెట్టె తెరిచి ప్రయోగం మొదటి రోజుల నాటి చీటీ ఒకటి వెతికి తీశాడు. బడిలో నమూనా పెట్టెలోకి అక్క ఊదిన మొదటి చీటీ. అందులో పది వరసలున్నాయి. పదో వరసలో ‘మొత్తం’ అని ఉంది. ఇంటి పెట్టె ఇచ్చిన చీటీల్లో ఒక్కదానిలోనూ ఆ వరస లేదు. పద్నాలుగు నెలలు రోజూ చూస్తూ కూడా, లెక్కల మాస్టారు అయ్యుండి, ఆ వరస లేదన్న సంగతి అతను గమనించలేదు.

మర్నాడు మొదటి బస్సుకు విశాఖపట్నం వెళ్లాడు.

*

ప్రయోగశాల మూడో అంతస్తులో ఉంది. ఇందుమతి ఎదురొచ్చి చేతిసంచి అందుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“సన్యాసమ్మ గారి సంగతి తెలిసింది మాస్టారూ. రావాలనుకున్నాను...”

“కూర్చో ఇందూ.”

తన గదిలో తనే కూర్చోవడానికి ఆమె కాస్త తడబడింది. దాలయ్య మూడు చీటీలు బల్ల మీద పెట్టాడు. మొదటిది పది వరసలది. మిగతా రెండూ తొమ్మిది వరసలవి.

“పదో వరస ఏమైంది?”

ఆమె చీటీల వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

“దానికి కొలత గుళిక కావాలి మాస్టారూ. ఒక్కో ఊపిరికి ఒక్కో గుళిక. అది పగిలి, కొలత ముందే తెలిసిన పదో ఆవిరిని వదుల్తుంది. దాని పక్కన పెట్టి చూస్తేనే తొమ్మిదీ కలిసి ఎంతున్నాయో తెలుస్తుంది. ప్రతి ఇంట్లో రోజూ గుళిక మార్చడం కుదరదు. అందుకని ఇంటి పెట్టెల్లో తీసేశాం.”

“ఇంటి పెట్టెల సంగతి సరే. ప్రయోగంలో గుళికలున్నాయి కదా. రెండూళ్లలో ఎనభై మంది చొప్పున ఊదారు. అప్పుడు పదో వరస ఏం చెప్పింది?”

ఇందుమతి కిటికీ వైపు చూసింది. కింద రోడ్డు మీద ఎవరో మామిడికాయలు అమ్ముతున్నారు.

“మీ ఊరి మొత్తాలు తక్కువొచ్చాయి.”

“ఎంత తక్కువ?”

“గుమ్మగెడ్డ వాళ్లలో మూడింట రెండొంతులే ఉన్నాయి.”

“అప్పటికే?”

“అప్పటికే.”

అక్క ఇంకా రెండు చేతులతో ఉప్పు తట్ట ఎత్తుకునే రోజులవి.

“మరి నివేదికలో తేడా లేదని రాశారే?”

“పాళ్లలో తేడా లేదు మాస్టారూ. అది నిజమే. మొత్తాన్ని... పరిగణించలేదు.”

“ఎందుకు?”

ఆమె సొరుగులోంచి నివేదిక తీసి, చివరి పేజీల్లో ఒకచోట వేలు పెట్టి అతని వైపు తిప్పింది. వేలు నిజంగానే కొంచెం వంకర. దాలయ్య కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఉప్పు కార్మికుల పెదవులు పగిలి ఉండడం వల్ల వారు బలంగా ఊదలేరనీ, ఈ విషయాన్ని స్థానిక గణిత ఉపాధ్యాయులు శ్రీ దాలయ్య ధ్రువీకరించారనీ, కావున ఉప్పలవలస మొత్తం విలువలను లెక్క నుంచి తొలగించామనీ ఉంది.

రెండు సార్లు చదివాడు. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆమె ఫోను చేసి, “మాస్టారూ, మీ ఊరోళ్లు గట్టిగా ఊదరా ఏంటి?” అని అడిగింది. “నోటికి గుడ్డ కట్టుకుని బతికేవాళ్లమ్మా, పెదాలన్నీ బీటలు. మెల్లగా ఊదుతారులే” అని అతను నవ్వుతూ అన్నాడు. పక్కన అక్క, “ఓలమ్మ, నాను ఊదితే పొయ్యి కూడా ఆరిపోద్దని సెప్పు” అని అరిచింది. ఆ మాట కూడా ఫోనులో వినపడే ఉంటుంది. అది నివేదికలో లేదు.

“ఇందూ. మెల్లగా ఊదితే పెట్టె తీసుకోదు. ఎర్రదీపం వెలిగి ‘మళ్లీ ఊదండి’ అంటుంది. ఎంత గాలి ఊదామో కూడా అది కొలుస్తుంది. అవునా?”

“అవును.”

“మా ఊరివాళ్లు ఎంత ఊదారు?”

“సరిగానే ఊదారు.” ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. “గుమ్మగెడ్డ వాళ్లతో సమానంగా.”

“అది చూసే రాశావా, చూడకుండా రాశావా?”

ఇందుమతి నివేదిక మూసేసింది.

“తిట్టండి మాస్టారూ.”

“తిట్టడానికి రాలేదు. తెలుసుకుందామని వచ్చాను.”

“ఏం తెలుసుకుంటారు? ఆ ఏడాది ఈ పెట్టె ఏజెన్సీ ఆస్పత్రుల్లో నాలుగు వందల మందికి కాలేయం జబ్బు ముందే పట్టింది. నాలుగు వందల మంది! మీ ఊరి మొత్తాలు చూసి మా ప్రయోగశాల పెద్దసారు పెట్టెలోనే లోపముందన్నారు. తొమ్మిదీ ఒకే లెక్కన తగ్గే జబ్బు ఎక్కడైనా ఉందా, కొలత గుళికలే చెడిపోయాయన్నారు. ఆ మాట బయటికొస్తే ప్రయోగం ఆగిపోయేది. పెట్టెలన్నీ వెనక్కి వచ్చేసేవి. ఏదో ఒక కారణం కావాలి మాస్టారూ. మీరన్న మాట దొరికింది.”

“దొరికింది.”

“మీ పేరైతే సంఘం ప్రశ్నించదనుకున్నాను.”

దాలయ్య చీటీలు ఒక్కొక్కటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. బెత్తంతో కొట్టినప్పుడు కూడా ఈ పిల్ల కళ్లు దించేది కాదు. ఇప్పుడు దించింది.

“ఆ ఎనభై మంది పదో వరస నాకివ్వు.”

“లేదు. తీసేశాం... నేనే తీసేశాను.”

“అయితే ఊరికి రా. నాకు చెప్పింది వాళ్లకు చెప్పు. నీ నోటితో.”

ఇందుమతి కుర్చీ వెనక్కి జరిపింది. తర్వాత లేచి బీరువా తాళం తీసి, లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల దూదిలో పేర్చిన గాజు గుళికలు.

“పాత కొలత గుళికలు. అరవై ఉన్నాయి. వీటిని చేసే విభాగం మూసేశారు, ఇంక రావు. నమూనా పెట్టె ఇంకా బడిలోనే ఉంది కదా, దానిలోనే ఇవి పడతాయి. తీసుకెళ్లండి.” ఆగింది. “ఎవరిచ్చారని అడిగితే... నా పేరు చెప్పకండి మాస్టారూ.”

దాలయ్య అట్టపెట్టె సంచిలో పెట్టుకున్నాడు. ఆమె లిఫ్టు దాకా వచ్చింది. అతను మెట్లవైపు వెళ్లాడు.

*

ఆదివారం బడి వరండా నిండిపోయింది. దాలయ్య ఏదీ దాచలేదు. పచ్చదీపం అబద్ధమని చెప్పాడు. దాన్ని నమ్మమని ఇంటింటికీ తిరిగింది తనేనని చెప్పాడు. నివేదికలో ఇందుమతి తన పేరున రాసిన వాక్యం చదివి వినిపించాడు. గుళికలు ఎవరిచ్చారన్నది ఒక్కటే చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఊళ్లో ఊదగలిగిన వయసువాళ్లు మూడు వందల పన్నెండు మంది. గుళికలు అరవై.

“మరైతే అరవై మందిమి ఊదుదుమా?” అన్నాడు మేస్త్రీ గవరయ్య.

“కాదు గవరయ్యా. మనం ముప్పై. గుమ్మగెడ్డలో ముప్పై.”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వరండా అంతా గోలయింది.

“ఆళ్లకేటి రోగం మాస్టారూ? కొండగాలి పీల్చుకుని దుక్కల్లాగున్నారు. ఆళ్లకెందుకు?”

“వాళ్లు బాగున్నారు కాబట్టే. మన ఊపిరి ఒక్కటే కొలిచి పంపితే, సంఘంవాళ్లు మళ్లీ అదే అంటారు. వీళ్లకు ఊదడం రాదు అంటారు. అదే పెట్టె, అవే గుళికలు, రెండూళ్లూ ఊదాలి. అప్పుడు తప్పించుకోవడానికి దారి ఉండదు.”

పేర్లన్నీ చీటీలుగా రాసి ఉప్పు తట్టలో వేశారు. తనకు నచ్చినవాళ్లను ఎంచుకున్నాడన్న మాట రాకూడదని దాలయ్య కళ్లకు కండువా కట్టుకుని మరీ తీశాడు. తన పేరూ అందులో ఉంది. రాలేదు. గవరయ్యది వచ్చింది. కళావతిది రాలేదు.

కళావతి సన్యాసమ్మతో కలిసి ఒకే మడిలో పనిచేసేది. ముప్పై ఏళ్లుంటాయి. చంటిపిల్లను భుజాన వేసుకుని, జనం పలచబడేదాకా స్తంభానికి ఆనుకుని నిలబడి, అప్పుడు దగ్గరికొచ్చింది.

“మాస్టారూ, మన సన్యాసమ్మప్పకి వచ్చినట్టే నాక్కూడా కాళ్లు లాగతన్నాయి. పిల్లకి పాలు కూడా సాలట్లేదు. నాకొక్కటి.”

“చీటీ రాలేదమ్మా.”

“సీటీ మాట నాకూ తెలుసు. ఆ ఊరోళ్లకి ముప్పై ఎందుకు? ఇరవై సాలదా? పది సాలదా? ఒక్కటి తగ్గితే మీ లెక్క కూలిపోద్దా?”

కూలిపోదు. అది దాలయ్యకు తెలుసు. ముందురోజు రాత్రే వేసి చూసుకున్నాడు. ఇటు నలభై, అటు ఇరవై పెట్టినా పోలిక బలం కొద్దిగానే తగ్గుతుంది. ఒక్క గుళికతో ఏమీ కాదు. కానీ కళావతికి ఒకటిస్తే తర్వాత వచ్చేవాళ్లకు ఏం చెప్పాలి? బాధపడేవాళ్లనే ఏరి ఊదించాడని సంఘం అంటే ఏం చెప్పాలి? చీటీల పద్ధతి చెడితే మిగతా అంతా చెడుతుంది.

“కుదరదు కళావతీ. ఊరంతటి కోసం.”

ఆమె పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

“ఆ ఇందుమతమ్మ కూడా అలాగే అనుకున్నాది గావాల. మీ ఇద్దరిదీ ఒకటే బడి మాస్టారూ.”

ఆమె గట్టిగా అనలేదు. వరండా మెట్లు దిగి వెళ్లిపోయింది. దాలయ్య తట్టలో మిగిలిన చీటీల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇందుమతిని తను అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయనుకున్నాడు. వాటిలో ఏదీ ఇప్పుడు ఆమెను అడగగలిగినదిగా అనిపించలేదు.

ఆ పూటే ముప్పై మందీ ఊదారు. గవరయ్యకు మధ్యలో దగ్గు తెర వచ్చింది. పెట్టె ఎర్రదీపం చూపింది. గుళిక అప్పటికే పగిలిపోయింది. “ఇంకోటెయ్యండి మాస్టారూ” అన్నాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. దాలయ్య తల అడ్డంగా ఊపాడు. గవరయ్య నోరు తుడుచుకుని, పక్కకి జరిగాడు. ఇరవై తొమ్మిది చీటీలు వచ్చాయి.

*

గుమ్మగెడ్డ వాళ్లు మర్యాదస్తులు. పనసచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టారు. చీటీలు తీస్తే అభ్యంతరం చెప్పలేదు. వరసగా వచ్చి ఊదారు.

“మాకేటి జబ్బు బాబూ?” అని అడిగాడు ఒక ముసలాయన.

“మీకేమీ లేదు తాతా. మీరు బాగున్నారన్నది కాగితం మీద ఉండాలి, అంతే.”

“బాగున్నోడి ఊపిరికి కూడా పని తగిలిందన్నమాట!” అని ఆయన పక్కవాణ్ని మోచేత్తో పొడిచి, బుగ్గలు పొంగించి, బూర ఊదినట్టు ఊదాడు. అందరూ నవ్వారు. పెట్టె లోపల గుళిక చిటుక్కుమంది. దాలయ్య చీటీ చింపి పదో వరస చూశాడు. ఆ ముసలాయనకు డెబ్భై రెండేళ్లు. ఉప్పలవలసలో ఊదిన ఇరవై తొమ్మిది మందిలో ఒక్కరి మొత్తం కూడా ఆయనకు దగ్గరలో లేదు. అందులో ఇరవై రెండేళ్ల కుర్రాళ్లున్నారు.

పోయేటప్పుడు వాళ్లు రెండు పనసపండ్లు ఇచ్చారు. బస్సులో వాటిని కాళ్ల దగ్గర పెట్టుకుని, చీటీల కట్టను చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాడు.

లెక్క వేయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. కంప్యూటరు వాడొచ్చు. కానీ ప్రతి అంకె తన చేతిమీదుగా పోవాలనుకున్నాడు. బడి అయ్యాక ఖాళీ తరగతిలో కూర్చుని, సంవర్గమాన పట్టికలు ముందు పెట్టుకుని, యాభై తొమ్మిది మంది తొమ్మిదేసి పాళ్లనూ ఇందుమతి చెప్పిన పద్ధతిలోనే పోల్చాడు. తేడా లేదు. ఆ మాటలో ఆమె అబద్ధం చెప్పలేదు. పాళ్లలో ఈ ఊరికీ ఆ ఊరికీ వెంట్రుకంత తేడా లేదు.

తర్వాత పదో వరస తీసుకున్నాడు. గుమ్మగెడ్డలో నూరు ఉన్నచోట ఉప్పలవలసలో నలభై ఒకటి ఉంది. రెండేళ్ల కిందట అరవై ఆరు ఉండేది. తొమ్మిది ఆవిర్లూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని కలిసికట్టుగా దిగిపోతున్నాయి. ఇంటి పెట్టెకు పాళ్లు తప్ప ఇంకేమీ తెలియదు కాబట్టి, చివరి ఊపిరి దాకా అది పచ్చదీపమే చూపిస్తుంది.

అక్క చివరి చీటీకి పదో వరస లేదు. ఎంత ఉండి ఉంటుందో అంచనా కట్టొచ్చు. కట్టలేదు.

*

సంఘానికి రాసిన ఉత్తరంలో మొదటి పేరా తన గురించే రాశాడు. ‘ఉప్పు కార్మికులు మెల్లగా ఊదుతారని రెండేళ్ల కిందట నేనన్న మాట పరిశీలించి అన్నది కాదు. ఫోనులో నవ్వులాటకు అన్నది. అది తప్పు. దాన్ని ఉపసంహరించుకుంటున్నాను.’ రెండో పేరాలో లెక్క. మూడో పేరాలో గుళికలు ఎవరిచ్చారో రాశాడు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు కలం ఆగింది. పేరు చెప్పనని తను మాటివ్వలేదు. ఆమె అడిగింది, అంతే. అయినా రాశాక మంచినీళ్లు తాగి వచ్చి కూర్చోవాల్సి వచ్చింది.

నెలన్నరకు జవాబు వచ్చింది. ఫ్యాక్టరీ అనుమతి ప్రస్తుతానికి నిలిపివేశారు. ఇళ్లలోని పెట్టెలను ఆపేయమన్నారు. ఇరవై తొమ్మిది మంది చాలరనీ, తుది నిర్ణయానికి ఊరందరి మొత్తం విలువలూ కావాలనీ, మొత్తం తక్కువ ఉన్నట్టు కొలతతో తేలిన వారికే ప్రభుత్వ వైద్యం వర్తిస్తుందనీ రాశారు. ఇరవై తొమ్మిది మంది పేర్లు జాబితాలో చేరాయి. వాళ్లను తీసుకెళ్లడానికి వారానికోసారి ఆస్పత్రి బండి వస్తోంది.

గుళికలు కావాలని రాస్తే ఇందుమతి ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది గానీ, దాని మీద ఆమె సంతకం లేదు. ఆమె ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదని రాశారు. పాత కొలత గుళికల నిల్వ తమ దగ్గర లేదనీ, వాటిని తిరిగి తయారు చేసే ఉద్దేశం లేదనీ రాశారు.

దాలయ్య ఇంకో మూడు ప్రయోగశాలలకు రాశాడు. ఎవరూ చేస్తామనలేదు. ఉప్పలవలసలో రెండు వందల ఎనభై మూడు మంది ఊపిరి ఇంకా కొలవాల్సి ఉంది.